చుక్కల గీత వెంబడి

కర్ణాటకలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ సర్వే శాఖ గీసిన నక్షా ఒకటి ఉంటుంది. ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. జిల్లా, తాలూకా, హోబళి, ఊరు ఎంచుకుంటే పీడీఎఫ్ దిగుతుంది. అక్షరాలు కన్నడం. కాస్త కూడబలుక్కుంటే మనకు వచ్చేస్తుంది. గీతలకు ఆ ఇబ్బంది కూడా లేదు. రెండు వరసల్లో విరిగిన గీతలు పోతే బండిబాట, ఒంటి వరసలో చుక్కలు పోతే కాలిబాట. చెరువులు, వాగులు, గుడులు, పొలాల హద్దులు అన్నీ ఉంటాయి. లేనివల్లా మేమున్న అపార్ట్‌మెంటు, దాని చుట్టూ లేచిన లేఅవుట్లు, స్కూలు బస్సులు తిరిగే రోడ్లు. ఆ నక్షా ప్రకారం మా లిఫ్టు ఉన్న చోటు ఎవరిదో పొలం మూల.

మేముండేది సర్జాపుర రోడ్డు మీద, దొమ్మసంద్ర దగ్గర. బెంగళూరు ఇంకా పూర్తిగా మింగని చోటు. రోడ్డుకు ఒక పక్క ఆఫీసు బస్సుల వరస, వెనక్కి తిరిగితే రాగి చేలు. మా బ్లాకులోనే ఒక మాస్టారున్నారు. నెల్లూరులో తెలుగు చెప్పి రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చారు. అపార్ట్‌మెంటు లోపల వేసిన వాకింగ్ ట్రాక్ అంటే ఆయనకు చిరాకు. "గానుగెద్దు నడకయ్యా అది, ఎంత నడిచినా ఊరు రాదు" అంటారు. నక్షా ప్రింటు తీసి చూపించగానే కళ్లజోడు సవరించుకుని, చుక్కల మీద వేలు పెట్టి, "ఇది యాడికి పోతుందో చూద్దామా?" అన్నారు. నాకు క్రిస్మస్ నుంచి సెలవులు. అంతకంటే ఆలోచించింది లేదు.

గురువారం

మొదటి చుక్కల గీత మా వెనక గేటు దగ్గరే ఉంది. తూర్పుగా పోయి, ఒక చెరువు మూల తాకి, పక్క ఊళ్లో తేలాలి. డిసెంబరు పొద్దు, చలి బాగానే ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉందన్న సంగతి ఏప్రిల్లో ఎవరికీ గుర్తుండదు గానీ, డిసెంబరులో ఆరు గంటలకు గేటు దాటితే చెవులకు తెలుస్తుంది. మాస్టారు మంకీ క్యాప్, చేతిలో గొడుగు. ఎండకూ వానకూ కాదట, కుక్కలకట.

కోత అయిపోయిన రాగి చేను పక్కగా దారి బాగానే మొదలైంది. ఒక మనిషి, ఒక ఆవు వరసగా పోయేంత వెడల్పు. రెండు వైపులా వయ్యారిభామ, తంగేడు. ప్యాంటు నిండా ఉత్తరేణి గింజలు. ఒక తీతువు మమ్మల్ని చూసి లేచి, చాలాసేపు మా నెత్తిన తిరుగుతూ అరిచింది.

తర్వాత గోడ. మామూలు గోడ కాదు, మనిషికి రెండింతల ఎత్తు, పైన ముళ్ల కంచె. విల్లాల లేఅవుటు. ఫోన్లో దిశాంక్ యాప్ తెరిచి చూశాను. మనం నిలబడ్డ చోటు ఏ సర్వే నంబరులో ఉందో చెప్పే కర్ణాటక ప్రభుత్వ యాప్ అది. మా చుక్కల గీత నేరుగా గోడలోకి దూరి, ఆ లోపల ఎక్కడో, బహుశా వాళ్ల స్విమ్మింగ్ పూల్ కింద నుంచి, అటు పక్క బయటికి వస్తోంది. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు హిందీలో "రాస్తా నహీ హై" అన్నాడు. అతన్ని అనడానికి ఏముంది? అతను వచ్చేటప్పటికే గోడ ఉంది.

నక్షాలో ఉన్న దారిని పక్క పొలం ఆసామి తన ఇష్టానికి మూసేయడానికి లేదు. ఇక్కడి రెవెన్యూ రికార్డుల్లో అలాంటి దారులు, వాగులు, చెరువులు 'బి ఖరాబు' కింద పోతాయి, అంటే జనానికి చెందిన నేల. కాగితం మీద ఇదంతా గట్టిగానే ఉంది. కాగితం పట్టుకుని తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక పొలాలు అమ్మేసుకుని వెళ్లిపోయినవాళ్లకు ఎందుకుంటుంది, కొనుక్కుని వచ్చినవాళ్లకు ఆ దారితో పనేముంటుంది?

వెనక్కి తిరగబోతుంటే నెత్తిన గుడ్డ చుట్టుకుని, చేతిలో టిఫిన్ క్యారేజీతో ఒకామె వచ్చింది. మా కాగితం వంక చూసి తెలుగులోనే అడిగింది.

"యాటికి పోవాల సారు?"

"ఈ గోడ అవతలికి తల్లీ. మీదేవూరు?" అన్నారు మాస్టారు.

"ఆదోని పక్కన. ఆ షెడ్లలో ఉంటాం, బిల్డింగు పనికొచ్చినాం. రాండి, సందుంది."

సందు నిజంగానే ఉంది. గోడకూ రాజకాలువకూ మధ్య మూడడుగుల నేల. ఒక చెరువు నిండితే నీళ్లు దిగువ చెరువుకు పోయే కాలువ అది. దానికి ఇరుపక్కలా కొంత మేర కట్టకూడదన్న నిబంధన ఉంది కాబట్టి గోడ కట్టినవాళ్లు ఆ మాత్రం వదిలారు. ఆ వదిలిన నేల మీద ఇప్పుడు కొత్త బాట పడింది. నున్నగా, గడ్డి లేకుండా, గోడ వెంబడే మలుపులు తిరుగుతూ. విల్లాల్లో పనిచేసే ఆడవాళ్లు, తోటమాలులు, షెడ్ల పిల్లలు, అందరిదీ అదే దారి. రంగు నీలమో బూడిదో తెలియని కాలువ నీళ్ల కంపు భరించగలిగితే నడక సుఖంగానే ఉంది. ఆమె మాకంటే ముందు చకచకా నడిచి, మలుపులో కనబడకుండా పోయింది. డ్యూటీకి టైమైంది మరి.

మేం ఊళ్లోకి తేలేసరికి ఎనిమిదిన్నర. రావిచెట్టు, వేపచెట్టు కలిపి కట్టిన అరుగు, దాని మీద పసుపు పూసిన నాగరాళ్ల వరస. ఎదురుగా బేకరీలో టీ తాగాం.

శుక్రవారం

ఈ రోజు దక్షిణంగా, ముత్తానల్లూరు చెరువు వైపు. నక్షాలో జంట గీతల బండిబాట. అందులో సగం తారురోడ్డుగా మారింది, అది ఊహించిందే. మారిన ఆ రోడ్డు మీద రాగి ఎన్నులు పరిచి ఉన్నాయి. ఆటోలు, స్కూటర్లు, నీళ్ల ట్యాంకర్లు వాటి మీదుగానే పోతుంటే గింజ రాలుతుంది. కళ్లం చేసుకోవడానికి పొలం మిగలకపోతే రోడ్డే కళ్లం. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన, మేం నడిచేవాళ్లం గనక ఎన్నుల పక్కకు దిగబోతే, "మీదనే నడండి, ఏం కాదు, మంచిదే" అన్నాడు తెలుగులో. వెంటనే, "ఏ సర్వే నంబరు సామీ చూస్తాండేది?" అన్నాడు.

ఇది నాలుగు రోజులూ వదల్లేదు. సర్జాపుర చుట్టుపక్కల చేతిలో కాగితం, ఫోను పట్టుకుని పొలాల్లో నడిచేవాడు ఒకటి బ్రోకరు, లేదంటే కొనడానికి వచ్చిన పార్టీ. మూడో రకం మనిషిని ఇక్కడివాళ్లు చూసి చాలా కాలమైంది. 'ఊరికే నడుస్తున్నాం' అంటే నమ్మరు సరికదా, గట్టి పార్టీయే, బయటపడటం లేదు అనుకుంటారు. మాస్టారు కొంతసేపటికి "చెరువు చూడ్డానికి వచ్చాం నాయనా" అనడం మొదలుపెట్టారు. అది పనిచేసింది. చెరువు చూడటం పనే.

తారు అయిపోయాక మట్టిబాట. రాగితో పాటు సాళ్ల మధ్య వేసిన అనప తీగ ఇంకా చేలో ఉంది, మంచుకు తడిసి ముదురు పచ్చగా. రాగి ముందే కోసేస్తారు, అనప మిగిలి సంక్రాంతి దాకా కాస్తుంది. ఆ వాసన తెలిసినవాళ్లకు ఇక వేరే చెప్పక్కర్లేదు. మా ఆవిడది మదనపల్లె. ఈ నెలలో మా ఇంట్లో అనపగింజల తొక్క పితికి వండే పితికిన పప్పు తప్ప ఇంకోటి ఉడకదు. చేలో కోస్తున్న అమ్మాయి దగ్గరే రెండు కిలోలు కొన్నాం. మాస్టారు వాటి సొన చేతికి అంటించుకుని వాసన చూసి, "ఈ కాయ మా నెల్లూరులో ఇంత బాగుండదయ్యా" అని ఒప్పుకున్నారు. నెల్లూరాయన నోట అది చిన్న మాట కాదు.

చెరువు కట్ట ఎక్కాక దారి గురించిన టెన్షన్ పోయింది. ఈ రెండు పొద్దుల్లో నాకు బాగా అర్థమైంది ఇదే: బెంగళూరు తూర్పున దారి తప్పితే కట్ట వెతుక్కోవాలి. పెద్ద నది లేని ఎత్తు నేల ఇది. నగరం ఒక మిట్ట మీద కూర్చుంది. పడమటి వాలు నీళ్లు అర్కావతి మీదుగా కావేరికి పోతాయి, తూర్పు వాలువి దక్షిణ పినాకినికి. ఆ వాలు పొడుగునా పాతకాలంవాళ్లు చెరువు కింద చెరువు గొలుసుగా కట్టారు. ఒకదాని మరవ పొర్లితే కింది దానికి నీళ్లు. మనుషులూ అదే గొలుసు పట్టుకుని నడిచారు. వానాకాలంలో పొలాలన్నీ బురదైనా కట్ట మీద కాలు దిగబడదు. అందుకే నక్షాలో చాలా చుక్కల గీతలు ఏదో ఒక కట్టకే చేరతాయి.

ముత్తానల్లూరు చెరువు పెద్దది. అవతలి గట్టు మంచులో సరిగ్గా కనబడలేదు. నీటికోళ్లు, కొంగలు, ఒక మూల గుర్రపుడెక్క. కట్ట పక్కన ఈత చెట్లకు గిజిగాడి గూళ్లు ఖాళీగా వేలాడుతున్నాయి. కట్ట కింద మేకలు తోలుకొచ్చిన ఒక ముసలామె గట్టు మీద కూర్చుని ఉంది. మాస్టారు నమస్కారం పెట్టి, హుస్కూరుకు ఇటుగా దారుందా అని అడిగారు. నక్షాలో ఉంది మరి.

"వుండాది, వుండాది. మద్దూరమ్మ జాత్రకి మేమంతా అట్లనే పోతా వుంటిమి. తేరు గూడా అట్లనే పోతుంది సామీ."

హుస్కూరు మద్దూరమ్మ జాతర ఈ ప్రాంతానికి పెద్ద పండగ. చుట్టుపక్కల ఊళ్లు ఒక్కొక్కటీ తమ తేరును, 100 అడుగులు దాటిన ఎత్తు, ఎద్దులతో, ట్రాక్టర్లతో, తాళ్లు పట్టుకున్న వందల మంది చేతులతో హుస్కూరు దాకా లాక్కుపోతాయి. వేసవి మొదట్లో, పంటలు తీసేసిన పొలాల మీదుగా. గాలికి ఒరిగితే ఆపడం ఎవరి తరమూ కాదు. 2024లోనూ 2025లోనూ తేర్లు కూలాయి, 2025లో ప్రాణం కూడా పోయింది. అంత ఎత్తు తేరు పోవాలంటే కరెంటు తీగలు లేని బయలు కావాలి, గోడలు లేని పొలాలు కావాలి. ఒక దేవత రథం పుణ్యమా అని ఏటా ఒకసారైనా ఈ ఊళ్ల మధ్య దారి తెరుచుకుంటోంది. అది కూడా ఎన్నాళ్లో, మధ్యలో లేఅవుట్లు ఎన్ని వస్తాయో.

"ఇప్పుడు కూడా నడిచే పోతావా అవ్వా?" అన్నాను.

"యాల? బస్సు ఫ్రీ అయిండ్లా ఆడోళ్లకి? బస్సులో పోతే గంటకు ముందే చేరతాం. నడిచేదానికి నాకేమన్నా పిచ్చా?"

మాస్టారు పకపకా నవ్వారు. నేను మాత్రం అవ్వ మాట దగ్గరే ఆగిపోయాను. 2023 జూన్‌లో శక్తి పథకం వచ్చాక కర్ణాటకలో ఆడవాళ్లకు మామూలు బస్సుల్లో టికెట్టు లేదు. మంచి పథకం, ఇక్కడ ఏ ఆడమనిషిని అడిగినా అదే చెబుతుంది. గోడలు కట్టినవాళ్లనే తిడుతూ వచ్చాం నిన్నంతా. కానీ గోడ కడితే పక్కనుంచి కొత్త బాట పడింది, కళ్లారా చూశాం. ఇక్కడ ఏ గోడా లేదు. అవ్వ చూపించిన వైపు పోతే వంద గజాల్లో లంటానా కంప నడుముకు తగిలింది, ఇంకో వంద గజాల్లో దారే లేదు. నడిచే పని పోతే దారి పోతుంది. అవ్వ కాళ్లకు విశ్రాంతి దొరికినందుకు సంతోషించాలో, బాట మూసుకుపోయినందుకు బాధపడాలో తేల్చుకోలేక కంప లోంచి బయటికొచ్చాం. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది.

శనివారం

నాకు ఆఫీసు వాళ్ల ఫోను, సెలవైనా తప్పలేదు. పదింటికి గాని బయటపడలేదు. దగ్గర్లోని ఒక ఊరి చెరువు కట్ట దాకా పోయి వచ్చాం, అంతే.

దారిలో ఒక కోళ్లఫారం కుక్కలు నాలుగు మీదికొచ్చాయి. మాస్టారు గొడుగు టప్పున తెరిచారు. అంత పెద్ద నల్లటి గుండ్రని జంతువును అవి ఎన్నడూ చూడలేదు కాబోలు, వెనక్కి తగ్గాయి. పొలాల్లో నడిచేవాళ్లెవరికైనా నేనిచ్చే సలహా ఇదొక్కటే, కర్ర కంటే గొడుగు మేలు.

కట్ట కింద, బాట మలుపులో, సగం భూమిలో దిగిన రాయి ఒకటి. పసుపు, కుంకుమ, మూడు నిమ్మకాయలు. దగ్గరికి పోయి చూస్తే వీరగల్లు. మూడంతస్తుల బొమ్మ. అడుగున కత్తి పట్టి పోరాడుతున్న మనిషి, మధ్యలో అతన్ని రెండు వైపులా పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న అతనే. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాళ్లకు ఇలా రాళ్లు నిలపడం ఈ సీమలో ఆనవాయితీ. ఇక్కడికి కాస్త దూరంలో బేగూరు నాగేశ్వర గుడిలో క్రీ.శ. 890 ప్రాంతపు శాసనం ఉంది. బెంగళూరు యుద్ధంలో చనిపోయినవాడి గురించి చెబుతుంది. ఈ నగరం పేరు కనిపించే చాలా పాత ఆధారం అదే. మైసూరు సంస్థానపు పురావస్తు శాఖ చూసిన బి.ఎల్. రైస్ 1905లో అచ్చువేసిన శాసన సంపుటంలో బెంగళూరు జిల్లా రాళ్లు చాలా ఉన్నాయి. ఇప్పుడు బెంగళూరులోని పాత చరిత్ర పరిశోధన సంస్థ మిథిక్ సొసైటీ వాళ్లు మిగిలినవాటిని త్రీడీ స్కానింగ్ చేస్తున్నారు. చేయాల్సిందే, రోడ్డు వెడల్పు చేసే జేసీబీకి శాసనమూ బండరాయీ ఒకటే.

మా రాయి మీద అక్షరాలు లేవు. అతనెవరో, ఎవరి ఆవుల కోసం పోయాడో తెలియదు. ఊళ్లోవాళ్లకు ఆ రాయి అమ్మవారు. ఆడవాళ్లు శుక్రవారం వచ్చి పసుపు పెడతారట. "మీసాలున్న అమ్మవారు" అన్నారు మాస్టారు, చెంపలు వేసుకుంటూ.

ఆ పసుపు పెట్టడానికి వచ్చేవాళ్ల వల్ల ఆ కాస్త దూరమూ బాట శుభ్రంగా ఉంది.

ఆదివారం

ఈ రోజు నడక కోసం మాస్టారు రెండు రోజులుగా ఎదురుచూస్తున్నారు. ముగళూరు దగ్గర దక్షిణ పినాకిని పోతుందని నేను చెప్పినప్పటి నుంచీ.

ఆయనదీ నాదీ ఒకే నది. ఆయనది నెల్లూరు రంగనాయకుల గుడి రేవు, నాది తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి రేవు. మా పెన్న, అంటే ఉత్తర పినాకిని, నంది కొండల వరసలో చెన్నకేశవ బెట్టన పుట్టి, అనంతపురం, కడప తిరిగి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటాక సముద్రంలో కలుస్తుంది. అదే కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని ఇటు దిగి, హోసకోట మీదుగా, బెంగళూరు తూర్పు అంచు రాసుకుంటూ హోసూరు వైపు పోయి, తమిళనాడు దాటి అదే బంగాళాఖాతంలో పడుతుంది.

సర్జాపుర దాకా బస్సు. అక్కడి నుంచి చుక్కల గీత. మొదట నీలగిరి తోపులు. ఇక్కడ ఒక తమాషా ఉంది. కంపలో దారి కనబడదు, ఎందుకంటే మూసుకుపోతుంది. నీలగిరి తోపులో కూడా దారి కనబడదు, ఎందుకంటే అంతా దారే. చెట్ల కింద గడ్డిపోచ మొలవదు, ఎటు పోయినా నడవొచ్చు, ఎండుటాకుల మీద అడుగుల గుర్తు నిలవదు. దిశాంక్ లేకపోతే అక్కడక్కడే తిరిగేవాళ్లం. భూగర్భజలం తాగేస్తోందని కర్ణాటక 2017లో నీలగిరి కొత్తగా నాటడం నిషేధించింది. పాతవి మాత్రం నరికిన మొదళ్ల నుంచి మళ్లీ లేస్తున్నాయి. సెంట్రింగ్ కర్రలకు గిరాకీ ఉన్నంత కాలం లేస్తూనే ఉంటాయి, మా అపార్ట్‌మెంటు కూడా ఆ కర్రల మీదే లేచి ఉంటుంది.

తోపు దాటాక పాలీహౌసులు, గులాబీలు, క్యాప్సికం. రెండు ప్లాస్టిక్ గోడల మధ్య బాట సన్నబడి, డ్రిప్పు పైపుల మీద నుంచి దాటుకుంటూ పోయాం. పని చేస్తున్న కుర్రాళ్లు మమ్మల్ని చూసి ఏమీ అనలేదు. ఒకడు తోట మధ్యలోంచే దగ్గర దారి చూపించాడు. ఇంతవరకూ నడిచిన దారుల్లో పొలం ఉన్నవాడెవడూ 'ఎందుకొచ్చారు' అనలేదు. అన్నది పొలం అమ్మేసిన చోట నిలబెట్టిన కాపలావాళ్లే.

నది కనబడటానికి ముందు వాసన వచ్చింది.

మాస్టారు వంతెన దగ్గర ఆగిపోయారు. నీళ్లున్నాయి. నిండుగానే పారుతున్నాయి. నల్లగా, రాళ్ల దగ్గర తెల్లటి నురగ కడుతూ. ఒకప్పుడు వానాకాలపు నది ఇది. ఇప్పుడు ఏడాది పొడుగునా పారుతోంది, బెంగళూరు వదిలే మురుగుతో. బెళ్లందూరు, వర్తూరు చెరువులు దాటిన నీళ్లు చివరికి చేరేది ఇందులోనే. 2017లో బెళ్లందూరు చెరువుకు నిప్పంటుకున్న వార్తలు దేశమంతా చూసింది గదా, ఆ నీళ్ల దిగువ కథ ఇది. ఇదే నురగ హోసూరు దగ్గరి కెలవరపల్లి డ్యాంలో కూడా తేలుతుంటుంది. ఒడ్డున పశుగ్రాసం కళ్లు చెదిరే పచ్చగా ఉంది.

"మన పెన్నలో నీళ్లుండవు, ఇసకైనా ఉండేది" అన్నాను.

"ఇప్పుడు ఇసకా లేదులే" అన్నారు.

రేవు మెట్ల దాకా ఒక బాట ఉంది, నక్షాలో చుక్కలు కూడా నీటి దాకా పోయాయి. దాని మీద అడుగుల జాడ లేదు. ఆయన సగం దాకా దిగి, చెప్పులు విడవకుండానే నిలబడి, వెనక్కి ఎక్కి వచ్చారు. నేనేమీ అడగలేదు.

వచ్చేటప్పుడు సర్జాపుర బస్సులో కాళ్లు చాపుకుని కూర్చున్నాం. నక్షా మడతలు చిరిగిపోతుంటే ఒళ్లో పెట్టుకుని సరిచేస్తున్నాను. పక్క సీటులో తెల్ల చొక్కాయన చాలాసేపు తొంగి చూసి, ఇక ఉండబట్టలేక వంగాడు.

"ఏ సర్వే నంబరు సార్?"

"కొనడానికి కాదండీ. దారులు చూస్తున్నాం" అన్నారు మాస్టారు, ఓపిగ్గా.

ఆయన అర్థమైనట్టు తలూపాడు. గొంతు తగ్గించాడు. "మంచి పని చేస్తున్నారు. మొదట చూడాల్సింది అదే. దారి లేని భూమైతే ఎకరా మీద బాగా తగ్గిస్తారు సార్, గట్టిగా అడగండి."